బీరును కాపాడిన ఒక్క కణం

బీరు తయారీకి ప్రధానంగా కావలసినవి నాలుగే: నీరు, బార్లీ మాల్ట్, హాప్స్ పూలు, ఈస్ట్. మొదటి మూడింటి వాడకం తయారీదారులకు శతాబ్దాలుగా తెలుసు. కంటికి కనిపించని నాలుగోదాని తీరు బోధపడడానికి మాత్రం 19వ శతాబ్దం దాకా పట్టింది.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం. మొలక వచ్చేటప్పుడు గింజలో తయారయ్యే ఎమైలేజ్ ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. మొలకెత్తిన రాగుల పిండితో కాచిన జావ పలుచగా, కాస్త తియ్యగా ఉండేది వీటివల్లే. నలగ్గొట్టిన మాల్ట్‌ను సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉంచితే తియ్యని ద్రవం వస్తుంది. దాన్ని హాప్స్‌తో కలిపి మరిగిస్తారు. ఆ వేడికి హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాల నిర్మాణం మారి, ద్రవానికి చేదు వస్తుంది. ఆ చేదు పదార్థాలే పులుపెక్కించే బ్యాక్టీరియాలో చాలావాటిని అడ్డుకుంటాయి. చల్లారాక ఈస్ట్ కలిపితే, అది చక్కెరలను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది.

ఇంత చేసినా ఒక్కోసారి బీరు చెడిపోయేది. అందుకు బయటి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1876లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. అయినా 1880లలో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరుకు చేదురుచి, చెడువాసన పట్టుకున్నాయి. ఆ సంస్థ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అసలు దోషిని ఈస్ట్‌లోనే గుర్తించారు. మంచి ఈస్ట్‌లో అడవి ఈస్ట్ రకాలు కలిసిపోయాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మరి వేరుచేయడం ఎలా?

హాన్సెన్ ఈస్ట్ ఉన్న ద్రవాన్ని బాగా పలుచన చేసి, ఒక్కొక్క కణాన్ని విడదీసి విడివిడిగా పెంచారు. అలా ఒకే కణం సంతతి అయిన స్వచ్ఛమైన ఈస్ట్‌తో 1883 నవంబరులో కార్ల్స్‌బర్గ్‌లో బీరు తయారీ మొదలైంది. సంస్థ యజమాని జె.సి. జాకబ్‌సెన్ దాన్ని రహస్యంగా దాచుకోలేదు. ఇతర తయారీదారులకూ పంచారు. ఈ పద్ధతి త్వరలోనే దేశదేశాలకు పాకింది.

దాని అవసరం బీరుతో ఆగిపోలేదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకాకు కావలసిన ప్రోటీన్‌ను తయారుచేసింది కూడా ఒక రకం ఈస్టే. జన్యుమార్పిడి చేసిన ఆ ఈస్ట్‌లో వేరే రకం కలిస్తే టీకా నాణ్యతకే ముప్పు. అందుకే మందుల తయారీలోనూ తొలి నియమం అదే: పెంచే కణాలన్నీ ఒకే సంతతివి కావాలి.