బురదే తోడు: చిన్న మురుగునీటి శుద్ధి కేంద్రాల విస్తరణ

నగరపు భూగర్భ డ్రైనేజీ ఇంకా చేరని శివారు కాలనీలకూ, వందల ఫ్లాట్లున్న నివాస సముదాయాలకూ సొంత మురుగునీటి శుద్ధి కేంద్రమే ఆధారం. వాడుకలో ఎస్‌టీపీ అనే ఈ కేంద్రాన్ని కట్టిననాటి జనాభాను బట్టి రూపొందిస్తారు కనుక, ఆవరణలో కొత్త బ్లాకులు లేచినప్పుడో, శుద్ధి ప్రమాణాలు కఠినమైనప్పుడో దాని సామర్థ్యం చాలకుండా పోతుంది. అప్పుడు మరో తొట్టె కడితే సరిపోతుందని చాలామంది భావిస్తారు గాని, శుద్ధి చేసేది తొట్టెలోని సూక్ష్మజీవులు కాబట్టి విస్తరణ వాటి అవసరాలను లెక్కించడంతో మొదలవ్వాలి.

ఈ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతికి మూలం 1914 నాటిది. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ మురుగునీటిలోకి గాలి ఊది, అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా తర్వాతి విడత మురుగుకు కలుపుతూ పోగా, మొదట వారాలు పట్టిన శుద్ధి చివరకు గంటల్లోకి వచ్చింది. మలినాలను ఆహారంగా తీసుకునే బాక్టీరియా ఆ బురద నిండా ఉండటమే దీనికి కారణం. పాలు పెరుగయ్యేందుకు తోడు ఎంత అవసరమో, మురుగు శుద్ధికి ఈ బురద అంత అవసరం. గాలి ఊదే తొట్టెను ఏరేషన్ ట్యాంకు అనీ, బురద దిగి తేటనీరు పైన నిలిచే తొట్టెను క్లారిఫయర్ అనీ పిలుస్తారు. దిగిన బురదలో ఎక్కువ భాగాన్ని తిరిగి ఏరేషన్ ట్యాంకుకు పంపి, మిగులును బయటికి తీస్తారు.

భారతదేశంలో నీటి సరఫరా ప్రణాళికలకు మనిషికి రోజుకు 135 లీటర్లను ప్రమాణంగా తీసుకొని, అందులో 80 శాతం మురుగుగా వస్తుందని అంచనా వేయడం పరిపాటి. ఆ ప్రకారం 1,000 మందికి రోజుకు 1,08,000 లీటర్లు, 1,500 మందికి 1,62,000 లీటర్ల మురుగు వస్తుంది. అయితే అది ఉదయం స్నానాల వేళ ఉధృతంగా వచ్చి, అర్ధరాత్రికి సన్నబడుతుంది. ఈ హెచ్చుతగ్గులను తనలో ఇముడ్చుకొని నీటిని సమంగా వదిలే ఈక్వలైజేషన్ ట్యాంకు చిన్నదైతే, క్లారిఫయర్‌లోని బురద కొట్టుకుపోయి తోడే తరిగిపోతుంది. మొత్తం కేంద్రం చాలడం లేదనిపించిన చోట అసలు లోటు ఈ ఒక్క తొట్టెలోనో, గాలిని బుడగలుగా చీల్చే డిఫ్యూజర్ల రంధ్రాలు పూడుకుపోవడంలోనో ఉండవచ్చు కనుక, కొన్ని వారాలపాటు ప్రవాహాన్నీ, నీటిలో కరిగిన ఆక్సిజన్‌నూ కొలవకుండా కొత్త నిర్మాణానికి పూనుకోవడం వృథా ఖర్చు.

మలినాలను తినేందుకు బాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్ పరిమాణమే బీఓడీ. నీరు ఎంత మురికిగా ఉందో చెప్పే ముఖ్యమైన కొలత ఇది. శుద్ధి అయి బయటికి వచ్చే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు, మెట్రో నగరాల్లో 20 మిల్లీగ్రాములు మించరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2017లో నిర్దేశించగా, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 మిల్లీగ్రాముల పరిమితిని ఆదేశించి, నత్రజనికీ భాస్వరానికీ కూడా హద్దులు పెట్టింది. నత్రజని విషయానికొస్తే, అమోనియాలోని ప్రతి కిలో నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి సుమారు 4.6 కిలోల ఆక్సిజన్ కావాలి. పైగా ఆ పని చేసే బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతాయి కనుక బురద తొట్టెలో ఎక్కువ రోజులు నిలవాలి.

స్థలం లేని చోట రెండు మార్గాలు ప్రచారంలో ఉన్నాయి. ఎంబీబీఆర్ పద్ధతిలో ఏరేషన్ ట్యాంకులో చిన్న ప్లాస్టిక్ బిళ్లలను తేలాడనిచ్చి, వాటి ఉపరితలంపై బాక్టీరియా పొరగా పెరిగేలా చేయడంతో అదే తొట్టెలో ఎక్కువ జీవరాశి ఇముడుతుంది. ఎంబీఆర్ పద్ధతిలో క్లారిఫయర్‌కు బదులు అతిసూక్ష్మ రంధ్రాల పొరలు నీటిని వడకడతాయి; నీరు మరింత తేటగా వస్తుంది గాని, పొరలను తరచూ శుభ్రపరచాలి, కరెంటు ఖర్చూ పెరుగుతుంది. ఏది ఎంచుకున్నా, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతిని కొత్త సామర్థ్యానికి తగినట్టు మార్పించుకోవాలి.

ఇళ్లలో నీటి వాడకం ఒక్కపూటైనా ఆగదు గనుక పాత కేంద్రాన్ని మూసి పని చేయడం కుదరదు. అందుకే కొత్త తొట్టెను ముందు పక్కన కట్టి, పాత తొట్టెలోని బురదను కొంత అందులో పోసి, గాలి ఇస్తూ మురుగును కొద్దికొద్దిగా పెంచుతారు. సూక్ష్మజీవులు నిలదొక్కుకొని నీటి పరీక్షల ఫలితాలు కుదుటపడ్డాకే పాత తొట్టెను ఖాళీ చేసి మరమ్మతుకు దించుతారు.