ప్రసవవేళ భయం – గర్భాశయ రక్తప్రసరణలు: సంహితాదృష్టి, శరీరశాస్త్రదృష్టి

చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవదైన జాతిసూత్రీయాధ్యాయంలో సూతికాగార వర్ణనం కలదు. ప్రసవించబోయే స్త్రీకి తోడుండవలసినవారు పలుమార్లు కన్నవారు, స్నేహశీలలు, సమయస్ఫూర్తి గలవారు, విషాదరహితలు, క్లేశసహిష్ణువులు కావాలని అందులో విధింపబడింది. నొప్పులు పడే స్త్రీచేత రోకటిపోటు వేయించాలన్న మతాన్ని ఆత్రేయుడు నిరాకరించాడు. ఆ సమయంలో దోషధాతువులు చలించి ఉంటాయి కనుక వ్యాయామప్రేరితమైన వాయువు ప్రాణాంతకం కాగలదని ఆయన హేతువు. భయశోకాలు వాతప్రకోపకాలని ఈ సంహితే అన్యత్ర చెబుతున్నది. ఈ రెండింటిని సమన్వయిస్తే తోడు స్త్రీల నియమం ఆచారమాత్రం కాదనీ, చికిత్సాంగమనీ స్పష్టమవుతుంది.

ఆధునిక శరీరశాస్త్రం ఈ విషయాన్ని వేరు పరిభాషలో వివరిస్తుంది. భయం కలిగినపుడు అధివృక్కగ్రంథుల నుండి వెలువడే అడ్రినలిన్ గర్భాశయ కండరంలోని బీటా-2 గ్రాహకాలపై పనిచేసి సంకోచాలను సడలిస్తుంది. నారడ్రినలిన్ ఆల్ఫా గ్రాహకాల ద్వారా గర్భాశయ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి సుమారు 500–700 మి.లీ. రక్తం అందుతుంది. ప్రతి నొప్పిలోనూ ఈ ప్రవాహం తగ్గి, నొప్పుల నడుమ పుంజుకుంటుంది. నాళాలు కుంచించుకొంటే ఆ పూరణం కుంటుపడి, శిశువుకు ప్రాణవాయువు కొరవడవచ్చు. 1978లో లెడర్మన్ బృందం తొలిచూలు స్త్రీలపై జరిపిన పరిశీలనలో ఆందోళన, అధిక అడ్రినలిన్, మందగించిన సంకోచాలు, దీర్ఘప్రసవం పరస్పర సంబద్ధాలుగా కనిపించాయి. అయితే శిశువులో పుట్టే ఇవే హార్మోన్లు ఊపిరితిత్తులలోని ద్రవాన్ని తొలగించి తొలిశ్వాసకు తోడ్పడతాయి. కనుక హార్మోను దోషం కాదు. తల్లియందు దాని అతిమాత్రత దోషం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలలో పూర్వం పురుడు ఇంటనే, మంత్రసాని, తల్లి, ఇరుగుపొరుగు అమ్మలక్కల నడుమ జరిగేది. ఆ తోడు ధైర్యమిచ్చినా, తీవ్ర రక్తస్రావం, అడ్డం తిరిగిన బిడ్డ వంటి ఆపదలకు అక్కడ ఉపాయం లేదు. ఆసుపత్రి ప్రసవం ఆ లోటు తీర్చింది. కాని దేవరకొండ, అచ్చంపేట పరిసర పల్లెల నుండి దూరప్రయాణం చేసి, అపరిచితుల నడుమ ఒంటరిగా నొప్పులు పడే స్త్రీకి భయం మరో రూపంలో ఎదురవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 ప్రసవాలు శస్త్రచికిత్సతో జరిగాయి. దీనికి కారణాలు అనేకం. భయం ఒక్కటే కాదు. అయినా 26 పరిశోధనలను, 15,000కు పైబడిన స్త్రీలను పరిగణించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష గమనార్హం. ఎడతెగని తోడు లభించినవారిలో ప్రసవకాలమూ శస్త్రచికిత్సలూ తగ్గినట్లు అది నిర్ధారించింది.

వాతమే అడ్రినలిన్ అనడం శాస్త్రసమ్మతం కాదు. రెండు శాస్త్రాల ప్రమేయాలు వేరు. ఏకీభావం పరిశీలనలోనే ఉంది. ప్రసవశాలలో పరికరాలతోపాటు ఒక ఆప్తురాలికి చోటు కల్పించడం ఉభయశాస్త్ర సమ్మతమైన విధి.