కడుపులో గడ్డ: కాన్సరా, బూజా?

వానలు పడిన పిమ్మట అరకులోయ అడవులలో రాలిన ఆకులు కుళ్ళి, వానిపై నానావిధములైన బూజులు పెరుగును. కప్పలు, తొండలు అక్కడనే పురుగులను పట్టి తినుచుండును. ఉష్ణదేశములలో ఇటువంటి చోట్ల నివసించు బూజు ఒకటి కలదు. దాని పేరు బాసిడియోబోలస్ రానారమ్. లాటిన్ భాషలో 'రానారమ్' అనగా 'కప్పలయొక్క' అని అర్థము. 1886లో ఐడామ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను.

ఈ బూజు తన బీజములను గాలిలోనికి చిమ్మును. అవి పురుగులకు అంటుకొనును. పురుగులను తిన్న కప్ప ప్రేగులలో అవి చావక, మలముతో వెలుపలికి వచ్చి మరల మొలకెత్తును. కప్పకు సాధారణముగా దీనివలన హాని లేదు.

మనుష్యునకు ఈ వ్యాధి మిక్కిలి అరుదు. 1956లో ఇండొనీషియాలో చర్మము క్రింద దీనిని గుర్తించిరి. కడుపులోనికి వచ్చుట ఇంకను అరుదు. మట్టి అంటిన ఆహారముతో బీజములు లోనికి పోవునని భావించుచున్నారు. అప్పుడు జీర్ణాశయము లేక ప్రేగుల గోడ దళసరియై గడ్డకట్టును. నొప్పి, జ్వరము వచ్చి రోగి చిక్కిపోవును. స్కానింగులో అది అచ్చముగా కాన్సరువలెనే కనబడును. అమెరికాలోని అరిజోనాలో 1994–1999 మధ్య ఏడుగురికి ఈ వ్యాధి వచ్చినది.

మరి భేదము తెలియుట ఎట్లు? గడ్డనుండి చిన్న ముక్క తీసి, రంగు వేసి, సూక్ష్మదర్శినితో చూడవలెను. దీనినే బయాప్సీ అందురు. బూజైనచో వెడల్పైన పోగులు, వానిచుట్టు గులాబిరంగు తొడుగు కనబడును. ఇయోసినోఫిల్ అను తెల్లకణములు గుంపుగా చేరియుండును. రక్తములోను అవి తరచు హెచ్చును. అయితే కడుపులో నులిపురుగులున్నను ఈ కణములు హెచ్చును గనుక, రక్తపరీక్ష ఒక్కటే చాలదు.

కాన్సరు మందులు బూజును చంపలేవు. ఇట్రాకొనజోల్ వంటి మందును నెలల తరబడి వాడవలెను. తరచు శస్త్రచికిత్సయు అవసరమగును. గుర్తింపక ఆలస్యము చేసినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

కప్పలను చంపుట దీనికి ఉపాయము కాదు. అవి పురుగులను తిని మనకు మేలు చేయును. మట్టి చేతులను, కూరగాయలను కడుగుకొనుట మంచి అలవాటు. కొండమీది పల్లెనుండి విశాఖపట్టణము ఆసుపత్రికి పోయినవాడు 'కాన్సరేమో' అను మాట విని, ఆశ వదలి మధ్యలోనే తిరిగి రారాదు. 'ముక్క తీసి పరీక్షించితిరా?' అని వైద్యుని అడుగవలెను. గడ్డలన్నియు కాన్సరు కావు. కాన్సరే అయినను, సరియైన చికిత్స ఆ పరీక్షతోనే మొదలగును.