కారు ఎత్తు తగ్గించినచో

పొట్టి స్ప్రింగులతో ఎత్తు తగ్గించిన కారుకు ఎన్నిసార్లు వీల్ అలైన్‌మెంటు చేయించినను, కొన్నాళ్లకే టైర్ల లోపలి అంచులు అరుగుచుండును. కారణమేమి?

కారు దిగినపుడు సస్పెన్షన్ ఆర్ముల వాలు మారును. చక్రముల పైభాగములు లోనికి ఒరుగును. ఈ ఒరుగుదలను కాంబర్ అందురు. చక్రముల ముందు, వెనుక అంచుల ఎడములలోని భేదమగు టో కూడ మారును. టోను మాత్రమే సరిచేసిన, కాంబర్ లోపము నిలిచియే యుండును.

చక్రములు వ్రేలాడుచుండగా ఆర్ముల బోల్టులు బిగించినచో, కారు నేలపై దిగగానే బుష్షులలోని రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. కొలతలు మరల తప్పును.

కావున చక్రములపై బరువు నిలిపియే బోల్టులు బిగింపవలెను. అరిగిన బుష్షులు, బాల్ జాయింట్లు మార్పించి, ముందు కాంబరును, పిదప టోను సరిచేయింపవలెను. అరిగిన టైరు తడిరోడ్డుపై పట్టు తప్పును. ఇది ప్రాణములకు సంబంధించిన విషయము.