మీ నక్షత్రం ఎంత?

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)

గుడిలో అర్చన చేయించుకునేటప్పుడు పూజారి గారు గోత్రం, నక్షత్రం అడుగుతారు కదా. ఈ దేశంలో మనకి ఇంకో నక్షత్రం కూడా ఉంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఊబర్ కారు దిగినప్పుడల్లా కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. డ్రైవరుకి మనం చుక్కలు ఇస్తామని అందరికీ తెలుసు. డ్రైవరు కూడా మనకి ఇస్తాడని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా పెద్దగా పట్టించుకోరు. పోయిన వారం ఫోన్ చేసిన ఒకావిడ, "మా అబ్బాయి అకౌంటులో 4.5 ఉందండీ, అంటే 90 శాతం, బాగానే ఉన్నట్టే కదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది, అందుకే ఇవాళ్టికి దాచాను.

మనం చదువుకున్న లెక్కలో 60 వస్తే ఫస్ట్ క్లాసు, 75 వస్తే డిస్టింక్షన్. 90 వచ్చిన పిల్లాడి ఫోటో ట్యుటోరియల్ కాలేజీ వాడు పేపర్లో వేయిస్తాడు. ఊబర్ లెక్క ఇది కాదు. ఏ గొడవా లేకుండా ఎక్కి, ఏ గొడవా లేకుండా దిగితే మామూలుగా 5 వస్తుంది. అంటే 5 అనేది మెడల్ కాదు, పాస్ మార్కు లాంటిది. 4.5 ఉందంటే, పది ప్రయాణాల్లో ఒకరు 1, ఇంకొకరు 4 ఇచ్చి, మిగతా ఎనిమిది మందీ 5 ఇచ్చినట్టు. పదింటిలో ఒకచోట గట్టిగానే ఏదో తేడా జరిగిందన్నమాట.

"ఉంటే ఉందిలే, నేనేమైనా ఉద్యోగానికి వెళ్తున్నానా" అనచ్చు మీరు. నా సంగతి చెప్తాను. 2019 లో కంటి ఆపరేషన్ అయిన తర్వాత నేను డ్రైవింగు మానేశాను. మేముండేది ఫ్రిస్కోలో. డాలస్ వాళ్ళ డార్ట్ బస్సులూ రైళ్ళూ మా ఊరికి రావు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా, హనుమాన్ గుడికి వెళ్ళాలన్నా, మా ఆయన ఊళ్ళో లేకపోతే నాకు ఊబరే దిక్కు. నాలాంటివాళ్ళు, ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చి ఇంట్లో కూర్చున్న అమ్మానాన్నలు, మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. 2019 మే నెలలో ఊబర్ వాళ్ళు ఒక ప్రకటన చేశారు. అమెరికాలో, కెనడాలో సగటు కంటే బాగా తక్కువ రేటింగు ఉన్న ప్రయాణికులకి ముందు సలహాలు చెప్తామనీ, మెరుగుపరుచుకోవడానికి అవకాశాలు ఇస్తామనీ, అప్పటికీ మారకపోతే అకౌంటు ఆపేయచ్చనీ దాని సారాంశం. ఎంతకి తగ్గితే ఆపేస్తారో అంకె మాత్రం చెప్పలేదు. అకౌంటు పోవడం దాకా ఎందుకు, బేరం వచ్చినప్పుడు డ్రైవరు ఫోనులో మన రేటింగు కూడా కనిపిస్తుంది. ఒప్పుకోవాలో వద్దో కొద్ది సెకన్లలో తేల్చుకోవాలి. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు దగ్గర ఆ అంకె చూసి ఒకడు వద్దనుకుంటే, ఇంకొకడి కోసం మనం ఇంకాసేపు నిలబడాలి.

ఇప్పుడు ఈ అంకె ఎలా వస్తుందో చూద్దాం. మనకి వచ్చిన చివరి 500 రేటింగుల సగటు అది. ఏ డ్రైవరు ఎంత ఇచ్చాడో చెప్పరు. యాప్‌లో అకౌంటు అన్న చోట మీ పేరు కిందే కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి నుంచి ఇంకో సదుపాయం వచ్చింది. సెట్టింగ్స్ లో ప్రైవసీ సెంటర్ లోకి వెళ్తే, మీకు 5 లు ఎన్ని, 4 లు ఎన్ని, 1 లు ఎన్ని అని విడదీసి చూపిస్తారు. ఇది తప్పకుండా చూడండి, ఎందుకంటే సగటు ఒక్కటీ చూస్తే జబ్బు తెలియదు. 4 లు చాలా ఉంటే చిన్న చిన్న విసుగులు ఎక్కువని అర్థం. అన్నీ 5 లే ఉండి మధ్యలో రెండు 1 లు ఉంటే, ఆ రెండు రోజులు ఏం జరిగిందో ఇంట్లో కూర్చుని గుర్తు చేసుకోవచ్చు. అన్నట్టు, అప్పుడే వాళ్ళు నగరాల వారీగా సగటు కూడా చెప్పారు. పెద్ద నగరాల్లో అందరికంటే మంచి రేటింగు మన టెక్సస్ లోని శాన్ ఆంటోనియో వాళ్ళది, అన్నిటికంటే అడుగున న్యూయార్కు. న్యూయార్కు శ్రోతలు నన్ను ఏమీ అనకండి.

లెక్క నేను ఇలా చేస్తాను. 5 కి ఎంత తగ్గితే అంత బాకీ అనుకోండి. ఎవరైనా 1 ఇస్తే 4 బాకీ, 4 ఇస్తే 1 బాకీ. మొత్తం బాకీని రేటింగుల సంఖ్యతో భాగించి 5 లోంచి తీసేస్తే మీ అంకె. 20 ప్రయాణాల్లో ఒక్కటి 1 వచ్చిందనుకోండి, బాకీ 4, ఇరవైతో భాగిస్తే 0.2, కాబట్టి 4.80. దీన్ని 4.90 చెయ్యాలంటే ఇంకో 20 సార్లు వరసగా 5 రావాలి. 4.95 కావాలంటే మొదటినుంచి మొత్తం 80 ప్రయాణాలు అవ్వాలి. అదే 1 చుక్క 500 ప్రయాణాలు చేసినవాడికి వస్తే 4.99 దగ్గర ఆగుతాడు, వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఈ బాకీ తీరేది కాదు, మజ్జిగలో నీళ్ళు పోసినట్టు పల్చబడుతుంది, అంతే. ఆ పాత చుక్క లెక్కలోంచి పూర్తిగా పోవాలంటే దాని తర్వాత 500 రేటింగులు రావాలి. నెలకి రెండుసార్లు ఊబర్ ఎక్కేవాళ్ళకి ఏడాదికి 24, అంటే ఇరవై ఏళ్ళు దాటుతుంది! అరుదుగా ఎక్కేవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నేననేది అందుకే.

మన ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉంది. అబ్బాయి ఆఫీసులో కూర్చుని తన ఫోనులోంచి అమ్మకి కారు పిలుస్తాడు. ఎక్కింది అమ్మ, చుక్కలు పడేది అబ్బాయి అకౌంటుకి. అందుకని కొందరు పెద్దవాళ్ళకి వేరే అకౌంటు తెరుస్తారు. అందులో ప్రయాణాలు తక్కువ, ఒక్క చుక్క తగ్గినా అంకె ధబీమని పడుతుంది. నా మటుకు నేను, పిల్లల అకౌంటే వాడుకుంటూ, నేను చెప్పబోయే సంగతులు పెద్దవాళ్ళకి ఒకసారి కూర్చోబెట్టి చెప్పడం మంచిదంటాను. వాళ్ళకి ఎవరూ చెప్పరు, పాపం. కారులో కూర్చోవడానికి కూడా పద్ధతులుంటాయా అనుకుంటారు.

నేను ఎక్కినప్పుడల్లా డ్రైవర్లని అడుగుతుంటాను, మీకు ఎక్కడ చిరాకు వస్తుందని. ఇథియోపియా ఆయనా, నేపాల్ ఆయనా, ఇక్కడే పుట్టిన రిటైర్డు టీచరమ్మా, అందరూ మొట్టమొదట చెప్పేది ఒకటే, ఎదురుచూడటం. మనకి కారు వచ్చిందని ఫోను మోగాక పూజగది దీపం చూసి, స్టవ్వు చూసి, చెప్పులు వెతుక్కుని బయల్దేరడం అలవాటు. మామూలు ఊబర్ ఎక్స్ లో కారు వచ్చిన 2 నిమిషాల తర్వాత వెయిటింగ్ చార్జీ మొదలవుతుంది, 7 నిమిషాలకి మనం రాలేదని కాన్సిల్ చేసుకుని వెళ్ళిపోవచ్చు. వెయిటింగ్ చార్జీ ఇస్తున్నాం కదా అనకండి, ఆ చిల్లర కంటే అతనికి తర్వాతి బేరం ముఖ్యం. కారు ఇంకా దారిలో ఉండగానే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడండి. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు గేటు కోడ్ ముందే మెసేజి పెట్టండి. మ్యాపులో గుర్తు సరిగ్గా మీ బిల్డింగు మీద ఉందో లేదో చూసుకోండి.

తర్వాతది సామాను, మనుషులు. ఇండియా నుంచి వచ్చే ఒక్కొక్కరికీ 23 కిలోల పెట్టెలు రెండేసి. అమ్మానాన్నా కలిసి వస్తే నాలుగు పెద్ద పెట్టెలు, రెండు చేతిసంచులు, పైన ఒక ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె. ఇవన్నీ సెడాన్ డిక్కీలో పట్టవు. పట్టవని తెలిసీ మామూలు కారు పిలిచి, ఒడిలో ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి సర్దుతాం. డ్రైవరు మొహమాటానికి ఏమీ అనడు, చుక్కల్లో చూపిస్తాడు. మనుషులూ అంతే. ఊబర్ ఎక్స్ అంటే నలుగురు, ఒళ్ళో పాప ఉంటే పాప కూడా ఒక మనిషే. "చిన్నపిల్లే కదా, సర్దుకుంటాం" అనేమాట ఇక్కడ చెల్లదు. అందరికీ బెల్టు ఉండాలి. ఐదుగురైతే ఎక్స్ఎల్ పిలవండి. పిల్లల సీటు మీరే తెచ్చుకుని బిగించాలి, సీటు లేకపోతే ఎక్కించుకోనని అనే హక్కు డ్రైవరుకి ఉంది. అలా అన్నవాడితో వాదనకి దిగకండి, పాపని చూసే అంటున్నాడు.

తలుపు సంగతి విడిగా చెప్పాలి. అంబాసిడర్ కారు రోజుల నుంచి వచ్చినవాళ్ళం మనం. ఆ తలుపు ఊపి వేస్తేగాని పడేది కాదు. మా ఆయన చెయ్యికి ఇప్పటికీ ఆ కొలతే. ఇక్కడి కార్ల తలుపులు మెల్లిగా నెడితే చాలు, ధడేలుమంటే డ్రైవరు గుండె ధడేలుమంటుంది, అది అతని సొంత కారు. టొయోటా సియెన్నా లాంటి వ్యాన్లలో పక్క తలుపు మోటారు మీద నడుస్తుంది, దాన్ని చేత్తో లాగకుండా డ్రైవరుకి వదిలెయ్యండి. వెనక సీట్లో బెల్టు పెట్టుకోమని పెద్దవాళ్ళకి గట్టిగా చెప్పండి. న్యూయార్కు రాష్ట్రంలో 2020 నవంబరు నుంచి వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి కూడా చట్టప్రకారం తప్పనిసరి. మిగతాచోట్ల చట్టం ఎలా ఉన్నా, బెల్టు పెట్టుకోని ప్రయాణికుడంటే డ్రైవరుకి భయం.

దారిలో ఇండియన్ స్టోరు కనపడగానే "ఒక్క నిమిషం, కరివేపాకు తీసుకుని వస్తా" అనకండి. ఆగాలనుకుంటే యాప్‌లో ముందే స్టాప్ పెట్టుకోవచ్చు, అదీ 3 నిమిషాలకి మించకూడదని ఊబర్ వాళ్ళే చెప్తారు. కరివేపాకు 3 నిమిషాల్లో అయిపోవచ్చు, స్టోర్లో తెలిసినవాళ్ళు కనపడితే మాత్రం అవ్వదు. ఫోను స్పీకరులో పెట్టి ఇండియాకి వీడియో కాల్ వద్దు. పచ్చడి సీసాలు మూడు కవర్లలో కట్టండి, వాసన తర్వాతి ప్రయాణికుడికి తగిలితే డ్రైవరు రేటింగు పోతుంది. ఇంకోటి, డ్రైవరు గురించి తెలుగులో వ్యాఖ్యానాలు చేయకండి. తెలుగు వచ్చిన డ్రైవర్లు నాకు ఇద్దరు తగిలారు!

ఇవన్నీ చేసినా ఒక్కోసారి చుక్క పోతుంది. ఎందుకు పోయిందో తెలియదు. మన యాస వల్లా, మన పేరు వల్లా అని అనుమానం రావడం సహజం. ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 2016 లో ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, వాషింగ్టన్ యూనివర్సిటీల పరిశోధకులు సియాటిల్, బోస్టన్ నగరాల్లో సుమారు 1500 ప్రయాణాలు చేయించి చూశారు. బోస్టన్ లో నల్లజాతి వారి పేర్లలా వినిపించే పేర్లతో పిలిచినప్పుడు ఊబర్ డ్రైవర్లు కాన్సిల్ చేసింది రెండింతల కంటే ఎక్కువ. అది కాన్సిల్ చెయ్యడం గురించిన లెక్క, చుక్కల గురించి కాదు, మనవాళ్ళ గురించి అసలే కాదు. కానీ పేరు చూసి తీర్పు చెప్పే మనుషులు ఉన్నారని మాత్రం తేలింది. కాబట్టి రేటింగు తక్కువున్న ప్రతివాడూ మర్యాద తెలియనివాడని మనమూ అనుకోకూడదు.

టిప్పు ఇస్తే రేటింగు పెరుగుతుందా అని చాలామంది అడుగుతారు. ఊబర్ యాప్‌లో టిప్పు 2017 జూన్ లో మొదలైంది. ప్రయాణం అయ్యాక తర్వాతైనా ఇవ్వచ్చు. డ్రైవరు మాత్రం సాధారణంగా మనం దిగగానే చుక్కలు నొక్కేసి తర్వాతి బేరం చూసుకుంటాడు, అప్పటికి మన టిప్పు ఇంకా పడి ఉండదు. టిప్పు ఇవ్వండి, ఆరు పెట్టెలు మోసినవాడికి తప్పకుండా ఇవ్వండి, కానీ చుక్కల కోసం ఇస్తున్నామనుకుంటే అది కుదిరే బేరం కాదు.

మనం డ్రైవరుకి ఇచ్చే చుక్కల దగ్గర కూడా మన డిస్టింక్షన్ లెక్కే అడ్డొస్తుంది. "బాగానే నడిపాడు, 4 వేశాను" అంటారు మనవాళ్ళు, మెచ్చుకుంటున్నామనుకుని. డ్రైవర్లకి ఊరిని బట్టి ఒక కనీస రేటింగు ఉంటుంది, అంతకంటే తగ్గితే పని పోవచ్చు. లిఫ్ట్ కంపెనీలో అయితే 3 గాని, ఇంకా తక్కువ గాని ఇచ్చిన డ్రైవరుని మళ్ళీ మనకి పంపరు. కారు మామూలుగా నడిపి, ఇంటి ముందు దింపితే 5 ఇచ్చెయ్యండి. నిజంగా భయపెట్టేలా నడిపినా, అసభ్యంగా మాట్లాడినా చుక్కలతో సరిపెట్టకండి, యాప్‌లో సేఫ్టీ అన్నచోట వివరంగా రాయండి. పెద్దవాళ్ళకి రాయడం రాకపోతే ఇంటికొచ్చాక పిల్లలు ఆ ప్రయాణం తెరిచి రాయచ్చు.

లైన్లో ముగ్గురు ఎదురుచూస్తున్నారని మా ఇంజనీరు సైగ చేస్తున్నాడు. ఫోన్లు తీసుకుందాం.