ఫోన్ ఉంటే సరిపోతుందా?

ఆన్‌లైన్ క్లాసు అనగానే మాలో చాలామందికి ముందు గుర్తొచ్చేది కెమెరా. ఆన్ చేస్తే రేకుల ఇల్లు, దండెం మీద బట్టలు అరవై మందికీ కనిపిస్తాయి. ఆఫ్ చేస్తే అటెండెన్సు పడదు. ఎవరూ కులం అడగక్కర్లేదు, స్క్రీనే చెప్పేస్తుంది.

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దాదాపు 2,500 మంది విద్యార్థులతో ఒక సర్వే చేశారు. సుమారు 90 శాతం మంది దగ్గర ఫోన్ ఉంది. ఆన్‌లైన్ క్లాసులు వినగలమన్నది 37 శాతమే. ఫోన్ ఉందా లేదా అని లెక్కపెడతారు గానీ, అది ఇంట్లో ఎంతమందిదో, డేటా ఎన్ని గంటలకు అయిపోతుందో, సిగ్నల్ కోసం ఎవరి డాబా ఎక్కాలో ఎవరూ అడగరు. ఆ డాబా ఊళ్లో ఉంటుంది, మేం వాడలో ఉంటాం.

లాక్‌డౌన్ పోయినా ఆన్‌లైన్ పోలేదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు 'స్వయం' ద్వారా చేయొచ్చు. అందులో మంచి పాఠాలున్నాయి, కాదనం. ఇంగ్లిషు వేగం అందనప్పుడు ఆపి మళ్లీ వినొచ్చు. క్లాసులో లేచి 'మళ్లీ చెప్పండి సార్' అనడానికి ఎంత ధైర్యం కావాలో మాకు తెలుసు. కానీ అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంచి లింకులు పంపితే మాత్రం ఒప్పుకోలేం. పోస్టుకు రిజర్వేషన్ ఉంటుంది, లింకుకు ఉండదు.

ఇంకోటి, ఫోన్‌లో పాఠం వినొచ్చు గానీ డిసర్టేషన్ రాయలేం. మాలో ఒకరు ఎంఏ ప్రాజెక్టు మొత్తం బొటనవేళ్లతోనే టైపు చేశారు. ఫుట్‌నోట్లు చెదిరిపోతే నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి సరిచేయించుకున్నారు. ల్యాప్‌టాప్ కొనాలంటే స్కాలర్‌షిప్ పడాలి. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని రోహిత్ వేముల చివరి లేఖలో రాసింది 2016లో. మేం ఇప్పటికీ బ్యాంకు మెసేజ్ కోసమే చూస్తున్నాం.

లైబ్రరీ పుస్తకాలు ఇచ్చినట్టే సెమిస్టర్‌కు ల్యాప్‌టాప్ ఇవ్వాలని అడుగుతున్నాం. వైఫై ఆఫీసు వరండాలో ఆగిపోకుండా హాస్టల్ గదిదాకా రావాలి. క్యాంపస్ బయట నుంచి జర్నల్స్ చదివేందుకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'ఇన్‌ఫెడ్' ఉంది. మీ యూనివర్సిటీ అందులో ఉందో లేదో లైబ్రరీలో అడగండి, చాలామందికి ఆ సంగతే చెప్పరు. కెమెరా ఆన్ చేయాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టానికి వదలాలి. కేటగిరీ కాలమ్ ఉన్న జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఆపాలి. గత సెమిస్టర్‌లో స్కాలర్‌షిప్ జాబితా మా క్లాసు గ్రూపులో అలాగే పడింది. సాయంత్రానికల్లా మెస్‌లో కూర్చునే బల్లలు మారిపోయాయి.