కూలి ముందు, ఈనాము తరువాత

ప్రొద్దుటూరి ఫలహారశాలలో నొక పెద్దమనిషి కాఫీ త్రాగి, బిల్లు చెల్లించి, పళ్లెములో పది రూపాయలు విడిచి లేచును. ఆ పది రూపాయలు దానమా, కూలియా, మర్యాదయా? విడిచినవాడు మర్యాదయని తలంచును. తీసికొనిన కుఱ్ఱవాడు దానితోనే ఆ దినము గడుపుకొనవలసినవాడైనచో అది కూలియే యగును. ఈ భేదమును మనము విచారింపక విడిచినకొలదిని, పనివానికి హక్కుగా రావలసిన కూలి, ఇచ్చువాని దయగా మాఱిపోవుచుండును.

ఈ విచారము మన సీమకు క్రొత్తది కాదు. పూర్వము గ్రామములలో వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మున్నగువారికి పంటకాలమున కళ్లమువద్ద ధాన్యము కొలిచి యిచ్చెడివారు. దానికి మేర యని పేరు. గ్రామసేవకులకు ఇనాము భూములుండెడివి. 1956 నాటి చట్టముతో నవి రద్దై రైత్వారీ పట్టాలైనవి. ఆ పాత యేర్పాటులో కులపు కట్టుబాటును, అవమానమును లేకపోలేదు. దానిని తిరిగి కోరువారము కాము. కాని యందొక న్యాయము కలదు. మేర యెంత స్వల్పమైనను దానికి కొలత యుండెను, అడుగుటకు హక్కుండెను. పండుగనాడు పెట్టిన బట్ట దానికి పైది. మేర యెగవేసి పాత పంచె చేతబెట్టిన యాసామిని ఉదారుడని యెవ్వరును కొనియాడలేదు.

ఈనామను మాట మనకు అరబ్బీనుండి వచ్చినది. నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండియు, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి మఱింత విశేషముగను, మనవారు ఆ అరబ్బీ నేలకే, ముఖ్యముగా కువైటునకు, పనికై పోవుచున్నారు. ఇండ్లలో వంట చేయువారు, బిడ్డలను సాకువారు, కార్లు నడుపువారు వీరిలో ననేకులు. ఇంటి పనివారికై ఆ దేశము 2015లో 68వ సంఖ్య గల చట్టమును చేసినది. దాని ననుసరించి దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. వారమునకొక దినము విశ్రాంతియు, ఏటికి 30 దినముల జీతపు సెలవును ఈయవలయును. పాసుపోర్టును యజమాని తనయొద్ద నుంచుకొనరాదు. 2016లో కనీస జీతము నెలకు 60 దీనారులని నిర్ణయించిరి. ఇటీవలి మారకమున నది 15,000 రూపాయలకు పైబడును.

తిండియు వసతియు యజమానివే గనుక ఆ జీతములో నెక్కువ భాగము ఇంటికి చేరును. దాని వెల వేఱొక రూపమున నున్నది. యజమాని యింటనే వసించు పనిమనిషికి గడప దాటుటకును సెలవు కావలెను. ఆ దేశమున నుండు అనుమతియే యజమానితో ముడివడి యున్నది. బయట పనిచేయువారి గతి మఱియొకటి. జూను 1 మొదలు ఆగస్టు 31 వఱకు ఉదయము 11 గంటలనుండి సాయంకాలము 4 గంటలవఱకు ఎండలో పని చేయింపరాదని అచ్చటి ప్రభుత్వమే శాసింపవలసి వచ్చెననిన, ఆ వేసవి యెట్టిదో పులివెందుల రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈదు పండుగనాడు దయగల యజమానులు పనివారికి కానుకలిత్తురు. అవి సంతోషకరములే. కాని ప్రయాణపు ఖర్చులకై ప్రొద్దుటూరి బంగారపు అంగడిలో కుదువబెట్టిన నగను కానుక విడిపింపజాలదు. నెలనెల తప్పక వచ్చు జీతమే విడిపింపవలయును. కావున "జీతము కొంచెమే, పైరాబడి మెండు" అని యాశ చూపు మధ్యవర్తి మాటను నమ్మరాదు. జీతము ఒడంబడికలో నుండును. పైరాబడి యే కాగితముననుండును?

పైరాబడిపై జీవనము నిలిపిన దేశము లేకపోలేదు. ధనమున కెల్ల దేశములకు మిన్నయైన అమెరికాయే యది. అచ్చట కేంద్ర చట్టము ప్రకారము గంటకు కనీసపు కూలి 2009 నుండి 7.25 డాలర్లు. కాని టిప్పు లభించు పనివానికి యజమాని 2.13 డాలర్లు మాత్రమే యీయవచ్చును. 1991 నుండి ఆ యంకె మాఱలేదు. తక్కినది భోజనమునకు వచ్చినవాడు పూరింపవలెను. అదియు చాలనియెడల యజమాని పూరింపవలెనని నియమము. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు మాత్రము ఈ తగ్గింపు నంగీకరింపవు. మన బిడ్డలు చదువులకై అచ్చటికి పోయి, బిల్లుపై నూటికి 15 మొదలు 20 వఱకు అదనముగా నిడవలసివచ్చినపుడు విస్తుపోవుదురు. ఇడకున్నచో నది పిసినితనము మాత్రమే కాదు, ఒకని కూలి తగ్గించుటయగునని తెలిసికొనుటకు వారికి కొంతకాలము పట్టును.

ఈ యాచారము వెనుక నొక చరిత్ర కలదు. బానిసత్వము రద్దైన పిదప పుల్‌మన్ కంపెనీ తన రైలు శయ్యాశకటములలో నల్లజాతివారిని స్వల్ప జీతమునకు నియమించి, తక్కినది ప్రయాణికుల టిప్పులకు విడిచెను. వారు 1925లో రాండాల్ఫ్ నాయకత్వమున సంఘము కట్టి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒడంబడిక సాధించిరి. చిరునవ్వునకు ముట్టు చిల్లరకంటె వ్రాతమీది జీతమే మేలని వారు చాటిన సత్యము.

జపానులో ఇందుకు విరుద్ధము. అచ్చట టిప్పు వాడుక లేదు. బల్లమీద చిల్లర విడిచిన, మఱచిపోయితిరని తలంచి వెంటవచ్చి తిరిగి యీయవచ్చును. ఫ్రాన్సులో సేవా రుసుము బిల్లులోనే చేరియుండును. ఆపై నిచ్చునది కొలదిపాటి సంతోషము మాత్రమే. సేవలో మర్యాద యీ దేశములలో తగ్గలేదు. టిప్పు లేనిదే మర్యాద యుండదను వాదమున కిది చాలిన ప్రత్యుత్తరము.

మన దేశమున భోజనశాలలు సేవా రుసుమును తమంతట బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న నిర్దేశించెను. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న దానిని సమర్థించెను. ఇచ్చుట గిరాకీదారుని యిష్టమని తేలినది. మంచిదే. అయితే యిష్టముపై నాధారపడని కూలి పనివానికి ముట్టుచున్నదా యను ప్రశ్న మిగిలియే యున్నది. కనీస వేతనముల చట్టము 1948లోనే వచ్చినది. చట్టమున్నంత మాత్రమున జీతము చేతికి రాదు.

అట్లని ఈనామంతయు నిర్దోషము కాదు. గండికోట చూపినవానికి జమ్మలమడుగు బాటసారి సంతోషించి యిచ్చునది ఈనాము. ప్రసవమైన బీదరాలికి బిడ్డను చూపుటకు ముందే చేయి చాచి పుచ్చుకొనునది మామూలు. మొదటిది ఇచ్చువాని గౌరవము. రెండవది పుచ్చుకొనువాని దౌర్జన్యము. ఈ రెండవదానికి మనము ఆచారమని పేరిడి అలవాటుపడుట సిగ్గుచేటు.

మన ఆసాములును వర్తకులును తమ తోటలలో, అంగళ్లలో పనిచేయువారి లెక్కను ఒకమాఱు తీసి చూచుకొందురు గాక. పండుగ కానుక జీతమునకు పైదా, జీతమునకు బదులా? కువైటులో మన కూతునకు రావలెనని మనము కోరు జీతము, విశ్రాంతి, మర్యాద మన యింట అంట్లు తోము ఆమెకు దక్కుచున్నవా? ముందు కూలి కొలిచి యిత్తము. ఆపై ఎంత యిచ్చినను అది నిజముగా ఈనామే యగును.